ట్రైలర్ లాగే ఇంటి కారుకు సూపర్‌ఛార్జరా, టర్బోనా: ఎంపిక నుంచి మొదటి ఎక్కుడు దాకా

ఖాళీ కారులో ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంజిన్ గట్టిగా కష్టపడేది నాలుగైదు సెకన్లే. కాలు తీయగానే దానికి ఊపిరాడుతుంది. అదే కారుకు ట్రైలర్ తగిలించి పొడవైన ఎక్కుడు ఎక్కిస్తే ఆ కష్టం పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా సాగుతుంది. ఇంజిన్‌లోకి మామూలు కంటే ఎక్కువ గాలిని ఒత్తిడితో నెట్టడమే బూస్ట్; సూపర్‌ఛార్జర్, టర్బో రెండూ చేసే పని అదే. బూస్ట్ కిట్ల గురించి చదివేవాళ్లు హార్స్‌పవర్ అంకెలు చూసి ఎంచుకుంటారు. ట్రైలర్ లాగేవాళ్లు మాత్రం వేడిని చూసి ఎంచుకోవాలి. 2000 నుంచి 3500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) మధ్య టార్క్ (తిప్పే బలం) ఎంత వస్తుంది, ఆ టార్క్ ఇస్తున్నంతసేపూ పుట్టే వేడి ఎటు పోతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, సూపర్‌ఛార్జరా టర్బోనా అన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది.

1. ముందు ఓనర్స్ మాన్యువల్ తెరవండి

బూస్ట్ పెట్టినందువల్ల కారు లాగగలిగే అధికారిక బరువు ఒక్క కిలో కూడా పెరగదు. తయారీదారు ఆ అంకెను ఇంజిన్ బలం ఒక్కటే చూసి పెట్టలేదు. బ్రేకులు, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం), వెనక సస్పెన్షన్, గేర్‌బాక్స్, రేడియేటర్ అన్నీ అందులో ఉన్నాయి. మాన్యువల్‌లో మూడు అంకెలు రాసుకోండి: సొంత బ్రేకులున్న ట్రైలర్‌కు గరిష్ఠ బరువు, కారు ట్రైలర్ కలిపి గరిష్ఠ బరువు, హిచ్ బంతి మీద నిలువుగా పడదగిన బరువు.

తర్వాత ట్రైలర్‌ను ప్రయాణానికి సిద్ధం చేసినట్టే సామాను, నీళ్లు, గ్యాస్ సిలిండర్లతో నింపి వేబ్రిడ్జి మీద తూచండి. ప్లేటు మీద ఉండే ఖాళీ బరువుతో లెక్కలు వేస్తే అన్నీ తప్పుతాయి. తూకం ఆ మూడు అంకెల్లో దేన్ని దాటినా ఇక్కడే ఆగిపోండి. మీకు కావాల్సింది వేరే కారు, బూస్ట్ కాదు. లోపలే ఉంటే ముందుకు వెళ్లొచ్చు. అయితే మార్పు చేయించే ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి, రిజిస్ట్రేషన్ అధికారులకు తెలియజేసి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. చెప్పకుండా చేసిన మార్పు వల్ల క్లెయిమ్ చెల్లకుండా పోవచ్చు.

2. ఎంత శక్తి కావాలో కాగితం మీద తేల్చండి

1800 కేజీల కారు, 1500 కేజీల ట్రైలర్, 6 శాతం ఎక్కుడు, గంటకు 80 కిలోమీటర్ల వేగం అనుకుందాం.

బరువును పైకి ఎక్కించడానికి: 3300 × 9.81 × 0.06 = సుమారు 1940 న్యూటన్లు.
టైర్ల దొర్లుడు నిరోధం, 0.012 గుణకంతో: సుమారు 390 న్యూటన్లు.
గాలి నిరోధం, కారు వెనక డబ్బాలాంటి ట్రైలర్ ఉంటే: సుమారు 740 న్యూటన్లు.

మొత్తం 3070 న్యూటన్లు. సెకనుకు 22.2 మీటర్ల వేగంతో గుణిస్తే చక్రాల దగ్గర 68 కిలోవాట్లు. గేర్‌బాక్స్, యాక్సిల్ దగ్గర 15 శాతం పోతుందనుకుంటే ఇంజిన్ 80 కిలోవాట్లు ఇవ్వాలి, ఇస్తూనే ఉండాలి.

బూస్ట్ లేని 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ మధ్య ఆర్‌పీఎంలో 190 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తుంది. 2500 దగ్గర అది 50 కిలోవాట్లే. 80 కావాలంటే 4000 దగ్గర తిరగాలి. అదే ఇంజిన్‌కు 0.4 బార్ (వాతావరణ పీడనం సుమారు 1 బార్) బూస్ట్ ఇచ్చి, గాలిని సరిగ్గా చల్లబరిస్తే టార్క్ సుమారు 255 అవుతుంది, 80 కిలోవాట్లు 3000 దగ్గరే దొరుకుతాయి. మీరు కొనబోయేది ఆ వెయ్యి ఆర్‌పీఎంల తేడానే.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్‌కు 4000 దగ్గర నిలకడగా తిరగడం హాని కాదు. చప్పుడు చికాకు పెడుతుంది, అంతే. ఏడాదికి రెండుసార్లు ట్రైలర్ లాగేవాళ్లు ఒక గేరు తగ్గించి, గంటకు 70 దగ్గర ఎక్కేస్తే సరిపోతుంది. ఆ డబ్బు గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌కు, ట్రైలర్ బ్రేకులకు పెట్టడం మేలు. నెలనెలా లాగుతూ, ప్రతిసారీ కొండదారే ఎక్కేవాళ్ల కోసం మిగతా వ్యాసం.

3. ఇంజిన్ ఆరోగ్యం చూడండి

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు అన్ని ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ పరీక్ష చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. తర్వాత లీక్‌డౌన్ పరీక్ష, అంటే సిలిండర్‌లోకి నొక్కిన గాలి ఎంత కారిపోతుందో చూడటం: 10 శాతం లోపు ఉంటే బాగున్నట్టు, 20 దాటితే ఆ ఇంజిన్‌కు బూస్ట్ ఆలోచన మానుకోవాలి. ఆయిల్ తాగే ఇంజిన్, కారణం తెలియకుండా కూలెంట్ తగ్గే ఇంజిన్ కూడా పనికిరావు.

కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 10:1 దాకా ఉంటే మంచి ఆక్టేన్ పెట్రోల్‌తో 0.4 బార్ మోయగలదు. 11 దాటిందంటే నాకింగ్‌కు (మిశ్రమం అదుపు లేకుండా పేలినట్టు మండడానికి) అంచున నిలబడ్డట్టే. మామూలు కార్లలో ఉండేవి పోతపోసిన పిస్టన్లు. అవి వేడిని బాగానే తట్టుకుంటాయి గానీ నాకింగ్ దెబ్బలకు పెళుసు. ముందుగా విరిగేది రెండు రింగుల మధ్య ఉండే సన్నటి గట్టు. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజిన్లలో మరో ఇబ్బంది ఉంది: హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు ఇచ్చే ఇంధనానికి ఒక హద్దు ఉంటుంది, దాన్ని పెంచడం మామూలు గ్యారేజీ పని కాదు.

గేర్‌బాక్స్ టార్క్ పరిమితి ఎంతో కనుక్కోండి. బెల్టుతో నడిచే సీవీటీ (గేర్ల బదులు బెల్టు, పుల్లీలు ఉండే ఆటోమేటిక్) అయితే బూస్ట్ పెట్టొద్దు. పెరిగిన టార్క్, ట్రైలర్ బరువు రెండూ కలిసి బెల్టు జారేలా చేస్తాయి. ఒక్కసారి జారి పుల్లీ ముఖం గీసుకుపోయిందంటే ఇక బాగుచేయడం ఉండదు.

4. ఎవరెవరు ఎలా పనిచేస్తారు

సూపర్‌ఛార్జర్ క్రాంక్ పుల్లీ నుంచి బెల్టుతో తిరుగుతుంది. అందులో మూడు రకాలు. రూట్స్ రకం, స్క్రూ రకం ప్రతి చుట్టుకూ ఒకే ఘనపరిమాణం గాలిని నెడతాయి, కాబట్టి 1800 ఆర్‌పీఎం దగ్గరే బూస్ట్ దాదాపు పూర్తిగా ఉంటుంది. మూడోది సెంట్రిఫ్యూగల్. చూడ్డానికి టర్బో ముందు భాగంలాగే ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. దాని బూస్ట్ వేగం వర్గానికి (వేగం × వేగం) తగ్గట్టు పెరుగుతుంది. 6000 దగ్గర 0.5 బార్ ఇచ్చేది 3000 దగ్గర ఇచ్చేది సుమారు 0.12 మాత్రమే. ట్రైలర్ లాగేవాళ్లకు అవసరమైన చోట ఏమీ ఇవ్వదు. ఎంత చవకగా దొరికినా ఈ పనికి సెంట్రిఫ్యూగల్ వద్దు.

టర్బో ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతుంది. దాని మీద అందరూ చెప్పే ఫిర్యాదు లాగ్, అంటే కాలు నొక్కాక బూస్ట్ ఆలస్యంగా రావడం. ట్రైలర్‌తో ఎక్కుడు మీద ఆ ఫిర్యాదుకు అర్థమే లేదు. ఇంజిన్ అప్పటికే లోడు మీద ఉంటుంది, ఎగ్జాస్ట్ వేడిగా ఉంటుంది, టర్బైన్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూనే ఉంటుంది. లాగ్ బాధించేది కొన్ని చోట్లే: వాలు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు, పడవను నీళ్లలోంచి ర్యాంపు మీదకి లాగేటప్పుడు, ట్రైలర్‌ను ఎత్తు మీదకి వెనక్కి తోసేటప్పుడు. అక్కడ 1200 ఆర్‌పీఎం దగ్గర బలం కావాలి, అది రూట్స్ దగ్గరే ఉంది. క్లచ్ ఉన్న కారులో ఈ తేడా క్లచ్ ప్లేటు ఆయుష్షులోనే కనిపిస్తుంది.

సూపర్‌ఛార్జర్ ఇంజిన్ శక్తిని తినేస్తుందని అంటారు. నిజమే గానీ లెక్క వేసి చూడాలి. పై ఉదాహరణలో 3000 ఆర్‌పీఎం, 0.4 బార్ దగ్గర ఇంజిన్ సెకనుకు సుమారు 0.07 కేజీల గాలి తాగుతుంది. దాన్ని నొక్కడానికి 4 కిలోవాట్లు, బెల్టు, బేరింగులతో కలిపి 5 దాకా అవుతుంది. 80లో 5. లోడు లేనప్పుడు బైపాస్ వాల్వు తెరుచుకుని గాలి వృథాగా తిరుగుతుంది కాబట్టి చదును రోడ్డు మీద ఖర్చు ఇంకా తక్కువ. టర్బో కూడా ఉచితం కాదు. ఎగ్జాస్ట్ దారికి అడ్డం నిలబడి వెనక ఒత్తిడి పెంచుతుంది.

అసలు తేడా వేడిలో ఉంది. 35 డిగ్రీల గాలిని 1.4 నిష్పత్తికి (అంటే 0.4 బార్ బూస్ట్‌కు) నొక్కితే, 55 శాతం సామర్థ్యమున్న పాత రూట్స్ నుంచి 91 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. 70 శాతం సామర్థ్యమున్న టర్బో నుంచి 79 దగ్గర. ఈ బూస్ట్ దగ్గర తేడా 12 డిగ్రీలే. నిష్పత్తి 1.7కు పెంచితే అవే అంకెలు 127, 107 అవుతాయి. అందుకే కుటుంబ కారుకు 0.3 నుంచి 0.5 బార్ మధ్యే ఆగమంటున్నాం. పీల్చే గాలి విషయంలో టర్బోదే పైచేయి. కానీ బోనెట్ కింద వేడి విషయంలో కథ తిరగబడుతుంది. సూపర్‌ఛార్జర్ వల్ల ఎగ్జాస్ట్ వైపు కొత్త వేడి మూలమేదీ రాదు. టర్బో అయితే పదిహేను నిమిషాల ఎక్కుడు తర్వాత ఎర్రగా కాలిన ఇనుప ముద్దై, వైర్లకు, బ్రేక్ పైపులకు, యాక్సిల్ రబ్బరు బూట్లకు జానెడు దూరంలో ఉంటుంది.

ఎత్తయిన ప్రాంతాల సంగతి కూడా చూసుకోండి. బూస్ట్ లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు పదో వంతు శక్తి పోగొట్టుకుంటుంది. సూపర్‌ఛార్జర్ ఇచ్చేది స్థిరమైన నిష్పత్తి కాబట్టి అదీ ఆ మేరకు తగ్గుతుంది. టర్బో వేగం పెంచుకుని చాలావరకు పూడ్చుకుంటుంది. 2000 మీటర్ల పైన తరచూ తిరిగేవాళ్లకు టర్బో ఎంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

5. ఇక తేల్చుకోండి

మీ ఇంజిన్ కుటుంబంలోనే తయారీదారు టర్బో మోడల్ అమ్మి ఉంటే మొదట అటే చూడండి. మానిఫోల్డ్ (సిలిండర్ల వాయువులను కలిపే పైపుల గుత్తి), టర్బో, ఆయిల్ పైపులు, ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా ఇంజినీర్లు చేసి పెట్టారు. ఒక్క జాగ్రత్త: టర్బో మోడల్‌లో పిస్టన్లు, కంప్రెషన్ నిష్పత్తి వేరుగా ఉంటాయి. ఆ మోడల్ బూస్ట్ అంకెను మీ ఇంజిన్‌కు అలాగే పెట్టేయకూడదు.

వీ6 పెట్రోల్ ఇంజిన్, దానికి సరిగ్గా అదే కారు కోసం చేసిన రూట్స్ లేదా స్క్రూ కిట్, అందులో నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ దొరికితే సూపర్‌ఛార్జర్ వైపు మొగ్గండి. వీ ఇంజిన్‌కు టర్బో అంటే రెండు వైపుల ఎగ్జాస్ట్‌నూ ఇరుకులో కలపాలి, వేడి రెండింతలు. ఇంజిన్ అడ్డంగా ఉండి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ క్యాబిన్ గోడ వైపు ఉన్న కార్లకూ ఇదే సలహా. అక్కడ టర్బో పెడితే గాలి తగలదు.

డీజిల్ కారుకు టర్బో ఎలాగూ ఉంటుంది. పుల్లింగ్ తగ్గిందంటే కొత్తది కాదు, ఉన్నదాన్ని చూడాలి: హోసుల్లో లీకు, మసి పట్టిన వేన్లు (టర్బో లోపలి కదిలే రెక్కలు), నూనె నిండిన ఇంటర్‌కూలర్. రీమ్యాప్‌తో (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పుతో) 1600 దగ్గర టార్క్ ఒక్కసారిగా పెంచితే ముందు పోయేది క్లచ్, దాని వెనక డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (కుదుపులు మింగే రెండు ముక్కల చక్రం).

రెండూ కలిపి పెడితే? ఫోక్స్‌వ్యాగన్ 2005లో 1.4 లీటర్ల ఇంజిన్‌కు కింద సూపర్‌ఛార్జర్, పైన టర్బో పెట్టింది. వోల్వో కూడా తర్వాత అదే దారిలో నడిచింది. అద్భుతమైన ఆలోచన. కానీ మాగ్నెటిక్ క్లచ్, గాలి దారి మార్చే ఫ్లాప్, రెండింటినీ సమన్వయం చేసే కంప్యూటర్ ప్రోగ్రాం అన్నీ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కుదిర్చినవి. విడిగా చేయించే పని కాదు.

6. సైజు

*సూపర్‌ఛార్జర్‌కు:* 2 లీటర్ల ఇంజిన్ ఒక్కో క్రాంక్ చుట్టుకు 1 లీటరు, 90 శాతం నిండుదనంతో 0.9 లీటరు గాలి తీసుకుంటుంది. చుట్టుకు 0.74 లీటరు నెట్టే బ్లోయర్‌ను (సూపర్‌ఛార్జర్‌ను) 1.8 రెట్ల పుల్లీ నిష్పత్తితో తిప్పితే 1.33 లీటర్లు, లీకులు పోను 1.2. అంటే 0.9కి 1.2, మూడో వంతు ఎక్కువ గాలి. మీకు కావాల్సింది అంతే. ఇంజిన్ 6000 దగ్గర బ్లోయర్ 10,800 తిరుగుతుంది. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ వేగానికి అది చాలా కిందే ఉండేలా చూసుకోండి. చిన్న బ్లోయర్‌ను ఎక్కువ వేగంతో తిప్పడం కంటే కాస్త పెద్దదాన్ని నింపాదిగా తిప్పితే గాలి తక్కువ వేడెక్కుతుంది.

*టర్బోకు:* కంప్రెసర్ మ్యాప్ (ఎంత గాలి, ఎంత ఒత్తిడి దగ్గర టర్బో సామర్థ్యం ఎంతో చూపే గ్రాఫు) లేకుండా కొనకండి. అదే ఇంజిన్‌కు 1.4 నిష్పత్తి గీత మీద మూడు చుక్కలు పెట్టండి: 2000 దగ్గర సెకనుకు 0.047 కేజీలు, 3000 దగ్గర 0.07, 5500 దగ్గర 0.128. మొదటి చుక్క సర్జ్ గీతకు (దానికి ఎడమన గాలి వెనక్కి తన్నుతుంది) కుడివైపు ఉండాలి. మధ్య చుక్క అత్యధిక సామర్థ్యమున్న ద్వీపంలో పడాలి. మూడోది ఆ ద్వీపం దాటి పోయినా ఫర్వాలేదు, ట్రైలర్‌తో అక్కడ ఉండేది క్షణాలే. పందేల కోసం ఎంచుకునేవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు, కాబట్టి వాళ్ల సలహా మీకు పనికిరాదు. చిన్న టర్బైన్ ఎంచుకుంటే వేస్ట్‌గేట్ (వాయువులను టర్బైన్ పక్కనుంచి పంపే తలుపు) పెద్దదిగా ఉండాలి. లేకపోతే ఎక్కుడు మీద వాయువులు దాటిపోలేక బూస్ట్ 0.4 నుంచి 0.6, 0.7కి పాకుతుంది. మధ్య భాగానికి నీటి కూలింగ్ ఉన్న టర్బోనే తీసుకోండి.

7. ఇంధనం, స్పార్క్, ట్యూనింగ్

ఈ ఇంజిన్ పైకొసన 150 కిలోవాట్ల దాకా ఇస్తుందనుకుని, కిలోవాట్ గంటకు 365 గ్రాముల పెట్రోల్ చొప్పున లెక్కిస్తే గంటకు సుమారు 55 కేజీలు. నాలుగు ఇంజెక్టర్లు, 80 శాతం డ్యూటీ (తెరుచుకుని ఉండే సమయం) దాటకుండా ఒక్కొక్కటి నిమిషానికి 385 సీసీ ఇవ్వాలి. పంపు గంటకు 100 లీటర్లు ఇవ్వాలి, అదీ బూస్ట్ కలిసిన ఒత్తిడి దగ్గర. మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది) మామూలుగా వాతావరణ పీడనం దాకే చదువుతుంది, దాన్ని 2.5 లేదా 3 బార్ సెన్సర్‌తో మార్చాలి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలే రకం), గ్యాప్ 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు.

గాలి ఇంధన నిష్పత్తి బూస్ట్‌లో 11.5 నుంచి 12.5 మధ్య ఉండాలి. స్పార్క్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) మొదటి అంచనాగా ప్రతి 0.07 బార్‌కూ ఒక డిగ్రీ వెనక్కి పెట్టి అక్కడి నుంచి సరిచేసుకుంటూ రావాలి.

ట్యూనర్‌కు ఒక షరతు ముందే చెప్పండి. మామూలుగా డైనో (కారును నిలబెట్టి ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) మీద ఇంజిన్‌ను 2000 నుంచి 6000 దాకా పది సెకన్లలో లాగి గ్రాఫ్ చేతికిస్తారు. ఆ పది సెకన్లలో పిస్టన్ గానీ ఇంటర్‌కూలర్ గానీ వేడెక్కవు. మీకు కావాల్సింది లోడు నిలిపి ఉంచగలిగే డైనో. 2500, 3000, 3500 దగ్గర ఒక్కోచోట 60 నుంచి 90 సెకన్లు పూర్తి లోడు మీద ఆపి చూడాలి. పీల్చే గాలి 50, 60, 70 డిగ్రీలు దాటినప్పుడల్లా టైమింగ్ ఎంత వెనక్కి రావాలో ఆ పట్టిక విడిగా నింపాలి. డైనో మీద చక్కగా నడిచి, మొదటి ఎక్కుడు మీదే పిస్టన్ పోగొట్టుకునే ఇంజిన్లలో ఖాళీగా ఉండిపోయేది ఈ పట్టికే.

నేరుగా ఇంధనం చిమ్మే టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ లోడు కలిసినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. ట్రైలర్‌తో పై గేరులో 1500 దగ్గర కాలు నొక్కి పట్టుకోవడమంటే దాన్ని పిలిచి తెచ్చుకోవడమే. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ (అమెరికా పెట్రోలియం సంస్థ పెట్టిన) ప్రమాణం ఉన్న ఆయిల్ వాడండి, గేరు తగ్గించండి.

8. వేడికి దారి చూపండి

గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్‌కు వేగం కావాలి. గంటకు 40 దగ్గర ఎక్కే దారుల్లో దాని వెనక ఫ్యాన్ ఉండాలి. ఒత్తిడి నష్టం 0.1 బార్ దాటకూడదు. నీటి ఇంటర్‌కూలర్ ఉన్న కిట్లలో పెద్ద ట్యాంక్ ఇస్తున్నామని గొప్పగా చెబుతారు. నాలుగు లీటర్ల నీళ్లు ఎక్కుడు మీద రెండు నిమిషాల్లో కాగిపోతాయి. ఆ తర్వాత ఉష్ణోగ్రతను నిర్ణయించేది ముందు బంపర్ వెనక ఉండే చిన్న రేడియేటరే. దాని సైజు అడగండి.

ఇవన్నీ అసలు రేడియేటర్‌కు ముందే నిలబడి గాలిని అడ్డుకుంటాయి. కాబట్టి రేడియేటర్‌ను మందం ఎక్కువున్న దానితో మార్చి, పక్కల సందులను రబ్బరు పట్టీలతో మూసేయండి. గాలి పక్కదారి పట్టకుండా ఆపే ఆ పట్టీలు చేసే మేలు ఖరీదైన పరికరాలు కూడా చేయవు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు విడిగా ఆయిల్ కూలర్ తప్పనిసరి. 80 డిగ్రీల పైన ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ కాకుండా ఎక్కుతుంటే వేడంతా అక్కడే పుడుతుంది. లాక్ పడే గేరు ఏదో కనిపెట్టి అందులోనే ఎక్కండి.

9. బిగించేటప్పుడు తప్పులు జరిగే చోట్లు

టర్బోలో ఎక్కువమంది పొరబడేది ఆయిల్ తిరిగి దిగే పైపు దగ్గర. లోపలికి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది, బయటికి తన బరువుతోనే దిగాలి. పైపు లోపలి వ్యాసం 16 నుంచి 19 మిల్లీమీటర్లు, నిలువుకు 30 డిగ్రీల లోపు వాలు, వంపులు లేకుండా, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. గాస్కెట్ దగ్గర సిలికాన్ జిగురు పూయొద్దు. లోపలికి పిండుకుని వచ్చిన చిన్న ముక్క దారికి అడ్డం పడితే ఆయిల్ సీల్ దాటి ఎగ్జాస్ట్‌లో నీలం పొగై కనిపిస్తుంది. కొత్త టర్బో పోయిందనుకుని మరొకటి కొంటారు, అదీ అలాగే పొగ వదులుతుంది. బాల్ బేరింగ్ టర్బోకు లోపలికొచ్చే ఆయిల్ దారిలో 1 మిల్లీమీటరు దాకా రంధ్రం ఉండే రిస్ట్రిక్టర్ (దారిని సన్నం చేసే ముక్క) కావాలి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇగ్నిషన్, ఇంజెక్టర్లు ఆపి, కింది పైపులోంచి ఆయిల్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పండి.

సూపర్‌ఛార్జర్‌లో కీలకం బెల్టు. పుల్లీల వరస ఒక మిల్లీమీటరు తప్పినా బెల్టు అంచు నూలుపోగుల్లా విడిపోతుంది. చిన్న పుల్లీ చుట్టూ బెల్టు కనీసం సగం చుట్టు పట్టుకుని ఉండాలి. బోనెట్ కింద నల్లటి రబ్బరు పొడి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ తగ్గడం కనిపిస్తే బెల్టు జారుతోందని అర్థం. చాలా కిట్లలో వాటర్ పంపు, ఆల్టర్నేటర్ కూడా అదే బెల్టు మీద ఉంటాయి. అది తెగితే బూస్ట్‌తో పాటు కూలింగ్ కూడా ఆగిపోతుంది, ట్రైలర్‌తో ఎక్కుడు మీద ఇంజిన్ వేడెక్కిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అదనపు బెల్టు, దాన్ని మార్చే స్పానర్ కారులో ఉంచుకోండి. బ్లోయర్‌కు సొంత ఆయిల్ ఉంటుంది, దాన్ని ఇంజిన్ ఆయిల్‌తో నింపొద్దు.

రెండింటికీ ఉమ్మడిగా రెండు వాల్వులు చూడాలి. ఒకటి క్రాంక్‌కేస్ ఊపిరి పైపులోది. అది బూస్ట్‌ను వెనక్కి వదిలితే డిప్‌స్టిక్ పైకి తన్నుకొస్తుంది, సీళ్లు కారతాయి. రెండోది బ్రేక్ బూస్టర్ పైపులోది. మానిఫోల్డ్‌లో ఇప్పుడు వాక్యూమ్ బదులు ఒత్తిడి కూడా ఉంటుంది, ఆ వాల్వు కారితే ట్రైలర్‌తో ఉన్నప్పుడు బ్రేక్ పెడల్ రాయిలా బిగుస్తుంది. పరీక్ష తేలిక: ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలాగి పెడల్ నొక్కండి. కనీసం మొదటి రెండు నొక్కుళ్లు మెత్తగా ఉండాలి.

10. మొదటి ఎక్కుడు

అమెరికాలో లాగుడు సామర్థ్యం తేల్చే ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) జే2807 పద్ధతిలో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు ఉంది. సుమారు 18 కిలోమీటర్లు, 38 డిగ్రీల ఎండ, ఏసీ పూర్తిగా వేసి ఎక్కాలి. మీ పరీక్షకూ అదే స్ఫూర్తి ఉండాలి. మొదట ఖాళీ కారుతో, తర్వాత సగం బరువుతో, చివరికి పూర్తి బరువుతో ఎక్కండి. ఏసీ వేసే ఎక్కండి. పక్కన ఒకరు కూర్చుని కింది అంకెలు చూస్తుండాలి, నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

– పీల్చే గాలి: బయటి ఉష్ణోగ్రత కంటే 25 డిగ్రీలు ఎక్కువ దాకా ఫర్వాలేదు. నిమిషం నిమిషానికీ పెరుగుతూనే ఉంటే ఇంటర్‌కూలర్ చాలడం లేదు.
– కూలెంట్: 105 దాకా ఫర్వాలేదు, 110 దగ్గర కాలు తగ్గించండి, 115 దగ్గర పక్కకు ఆపండి.
– గేర్‌బాక్స్ ఆయిల్: 100 లోపు మంచిది, 120 దాటనివ్వొద్దు.
– ఎగ్జాస్ట్, టర్బోకు ముందు: పెట్రోల్‌కు 900, డీజిల్‌కు 700 దాటి నిలబడకూడదు.
– గాలి ఇంధన నిష్పత్తి: బూస్ట్‌లో 12.5 దాటి పైకి పోతే వెంటనే కాలు తీయండి. పంపు గానీ ఫిల్టర్ గానీ చాలడం లేదు.

ఆపాల్సి వస్తే ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపేయొద్దు. రెండు నిమిషాలు ఐడిల్‌లో తిరగనివ్వండి. టర్బో ఇరుసు చుట్టూ నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడి నల్లటి పెంకులా గట్టిపడుతుంది, తర్వాత ఆయిల్ దారులను మూసేసేది అదే.

ఇంటికొచ్చి ఇంజిన్ చల్లారాక ప్లగ్గులు విప్పి, తెల్లటి పింగాణీని భూతద్దంతో చూడండి. లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంటే అంతా బాగున్నట్టే. దాని మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే నాకింగ్ మొదలైంది. మెరిసే వెండి రంగు చుక్కలుంటే అది పిస్టన్ అల్యూమినియం. ఆ ప్లగ్గు ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకుని మళ్లీ కంప్రెషన్ పరీక్ష చేయించండి. బూస్ట్‌ను 0.1 బార్ తగ్గించి, ఆ లోడు దగ్గర టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి జరిపి, కొత్త ప్లగ్గులు వేసి, సగం బరువుతో ఎక్కడం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.